“మళ్ళీ ఫిల్మ్ సిటీయేనా?”: ఇద్దరు టీనేజర్లున్న ఇంటికి వేసిన దసరా ట్రిప్పు ప్లాన్, కేస్ స్టడీ

కుటుంబం విజయవాడది. తండ్రికి 47, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వ్యాపారం. తల్లికి 43, ప్రైవేటు స్కూల్లో టీచరు, మోకాళ్ళ నొప్పి ఉంది. అమ్మాయికి 17, రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. అబ్బాయికి 14, తొమ్మిదో తరగతి. ట్రిప్పులు ప్లాన్ చేసిపెట్టే మమ్మల్ని వాళ్ళు అడిగింది సింపుల్‌గానే ఉంది. దసరా సెలవుల్లో రామోజీ ఫిల్మ్ సిటీలో రెండు రోజులు, లోపలి హోటల్లోనే ఒక రాత్రి, మిగతా టైములో హైదరాబాద్‌లో బంధువుల ఇళ్ళు.

ఈ కుటుంబం అక్కడికి ఇంతకుముందు నాలుగుసార్లు వెళ్ళింది. అయిదోసారి అనగానే అమ్మాయి హాస్టల్ ఫోను నుంచి, “మీరు వెళ్ళిరండి మమ్మీ, నేను సెలవుల్లో ఇక్కడే ఉండిపోతాను” అంది. హాస్టల్లో ఉన్న పిల్ల సెలవులకి ఇంటికి రానంటే ఆ మాటని మొండితనం అని కొట్టిపారేయకూడదు. పని మొదలుపెట్టే ముందు తల్లిదండ్రులకి చెప్పింది అదే.

పిల్లలని అడిగిన తీరు

నలుగురినీ ఒకేచోట కూర్చోబెట్టి “ఎక్కడికెళ్దాం?” అని అడిగితే పని జరగదు. ఈ ఇంట్లోనూ మొదట అలాగే అయింది. కాన్ఫరెన్స్ కాల్‌లో తండ్రి పది నిమిషాలు మాట్లాడాడు, అమ్మాయి “ఏదైనా పర్లేదు డాడీ” అంది, అబ్బాయి ఊ కొట్టాడు. టీనేజర్ నోట “ఏదైనా పర్లేదు” అని వచ్చిందంటే చాలాసార్లు “నేను చెప్పినా మీరు వినరు” అనే అర్థం. దాన్ని ఒప్పుకోలు అనుకుని టికెట్లు తీస్తే, మూడోరోజు మధ్యాహ్నానికి ఎవరో ఒకరు మొహం మాడ్చుకుని బస్సులో కూర్చుంటారు.

అందుకని ఒక్కొక్కరితో విడివిడిగా పావుగంట మాట్లాడాం. ప్రశ్న కూడా మార్చాం. ఎక్కడికి వెళ్ళాలో అడగలేదు. “పోయినసారి ట్రిప్పు పొద్దున లేచిన దగ్గర్నుంచి గంట గంటకీ చెప్పు, ఏ గంటలో విసుగు మొదలైంది?” అని అడిగాం. ఈ ప్రశ్నకి పద్నాలుగేళ్ళవాడు కూడా చక్కగా జవాబు చెప్పగలడు. ఊరి పేరు అడిగితే ఫోనులో చూసిన రీలు ఏదో చెబుతాడు. గంటల లెక్క అడిగితే జరిగిందే చెబుతాడు.

అమ్మాయి చెప్పిన లెక్క ఇదీ. అయిదింటికే లేపారు. ఫోటోల్లో బాగుండాలని ఏ డ్రెస్ వేసుకోవాలో అమ్మే తీసిపెట్టింది. బస్సు ఎక్కమన్నప్పుడు ఎక్కడం, దిగమన్నప్పుడు దిగడం. ఆరేళ్ళ వయసులో నోరు తెరుచుకుని చూసిన స్టంట్ షోనే పద్నాలుగేళ్ళప్పుడూ మళ్ళీ. ప్రతి సెట్టు ముందూ నిలబడి నవ్వాలి. అబ్బాయికి అడ్వెంచర్ జోన్ నచ్చింది, కానీ గంట కాగానే “భోజనం టైమైంది” అని లాక్కొచ్చారు. పైగా వాడు ఏం చేసినా తండ్రి వీడియో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. క్లాసువాళ్ళు చూశారు.

ఇద్దరి మాటల్లోనూ పార్కు మీద ఫిర్యాదు అంటూ ఏమీ లేదు. రోజు మొత్తంలో వాళ్ళంతట వాళ్ళు తీసుకున్న నిర్ణయం ఒక్కటీ లేదు, అదే ఇద్దరూ చెప్పింది. ఇది పట్టుకోకపోతే ఫిల్మ్ సిటీ మానేసి గోవా తీసుకెళ్ళినా మళ్ళీ అదే గొడవ.

తల్లిదండ్రులకి అక్కడ ఏం నచ్చుతోంది

చాలామంది ప్లానర్లు ఈ భాగం వదిలేస్తారు. పిల్లలకి ఏం వద్దో రాసుకుంటారు, పెద్దవాళ్ళకి ఏం కావాలో రాసుకోరు. దాంతో పెద్దవాళ్ళు ఓడిపోయినట్టు ఫీలై ట్రిప్పంతా పొడుస్తూనే ఉంటారు, “ఫిల్మ్ సిటీ అయితే ఈ తిప్పలుండేవా?” అంటూ.

రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. దాదాపు 1,666 ఎకరాలు, ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో కాంప్లెక్స్‌గా గిన్నిస్ రికార్డుల్లో ఉంది. విజయవాడ వైపు నుంచి వస్తే నగరంలోకి వెళ్ళకముందే హైవే పక్కనే తగులుతుంది. తండ్రి చెప్పిన కారణాలు: ఒకసారి టికెట్ తీస్తే మళ్ళీ ఎవరితోనూ బేరం అక్కర్లేదు, లోపల బండి నడపక్కర్లేదు, ఎవరూ తప్పిపోరు. తల్లి చెప్పినవి: శుభ్రమైన బాత్రూములు, కూర్చోడానికి చోటు, ఎక్కువ దూరం నడవకుండా బస్సు. ఇంకొంచెం మాట్లాడాక అసలు మాట చెప్పింది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళిద్దరూ కలిసి వెళ్ళిన మొదటి ఊరు అదే.

ఈ చివరి మాటతో ప్లానులో సగం తేలిపోయింది. ఆ చోటు ఆ ఇద్దరిది. దాన్ని పిల్లల చేత ప్రేమింపజేయాలని నాలుగుసార్లు ప్రయత్నించారు. ఫిల్మ్ సిటీని ఫ్యామిలీ ట్రిప్పులోంచి తీసేసి, డిసెంబరులో వాళ్ళిద్దరికే ఒక రాత్రి ట్రిప్పుగా విడిగా పెడదామని చెప్పాం. తండ్రి ఒప్పుకోడానికి రెండు రోజులు పట్టింది, తల్లి అప్పుడే సరేనంది.

ఇక దసరాకి వెతకాల్సిన చోటుకి తల్లిదండ్రుల వైపు నుంచి నాలుగు షరతులు మిగిలాయి. బేరాలు తక్కువ, డ్రైవింగ్ వద్దు, మోకాళ్ళకి అనువు, మంచి బాత్రూములు. పిల్లల వైపు నుంచి మూడు. రోజుకి ఒక పూటైనా వాళ్ళ ఇష్టం, పొద్దున నిద్ర, ఫోటోలకి హద్దు.

పక్కన పెట్టినవి

అబ్బాయి వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కు అన్నాడు. 2016 నుంచి హైదరాబాద్ రావిర్యాలలో ఉంది, అవుటర్ రింగురోడ్డు పక్కనే. రైడ్లంటే ఇష్టమున్న నలుగురు ఫ్రెండ్స్ కలిసి వెళ్ళడానికి మంచి చోటు. ఈ కుటుంబానికి మాత్రం కుదరదు. అమ్మాయికి రైడ్ ఎక్కితే కడుపులో తిప్పుతుంది, తల్లి లైనులో నిలబడలేదు, తండ్రి చేతిలో అందరి బ్యాగులూ. ఒక పార్కు వద్దన్నారని ఇంకో పార్కు పెట్టడం ఈ రకం కేసుల్లో మామూలుగా జరిగే పొరపాటు. ఒక్కడి సరదా కోసం ముగ్గురు కాపలా కాస్తారు. (వండర్‌లాకి ఎవరు వెళ్ళినా రెండు విషయాలు చూసుకోండి. పెద్ద రైడ్లకి ఎత్తు నిబంధన ఉంటుంది. నీళ్ళ రైడ్లకి కాటన్ బట్టలు పనికిరావు, నైలాన్ ఉండాలి.)

గండికోట, బెలుం గుహలు చాలాసేపు లిస్టులో ఉన్నాయి. గండికోట దగ్గరి పెన్నా లోయ టీనేజర్లకి నిజంగా నచ్చే చోటు. బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు. కానీ గుహ లోపల ఉక్క, నడక ఎక్కువ, గండికోటలో గదులు కొద్ది. తల్లి మోకాళ్ళతో కుదరదని వదిలేశాం. హంపి అయితే నాలుగు రోజుల్లో రెండు రోజులు ప్రయాణానికే పోతాయి.

వైజాగ్, అరకు కలిపి ఖాయం చేశాం. రైల్లో వెళ్ళొచ్చు, ఊళ్ళో కారు మాట్లాడుకోవచ్చు, సముద్రం ఉంది, కొండ ఉంది. వైజాగ్‌లో ఏ పూట ఎవరు విడిపోయినా మళ్ళీ అరగంటలో కలుసుకోగలిగినంత దగ్గర్లో అన్నీ ఉన్నాయి. ఈ చివరిది చాలా ముఖ్యం. టీనేజర్లున్న ఇంటికి ఊరు ఎంచేటప్పుడు అందం కంటే ముందు చూడాల్సింది విడిపోయే వీలు.

పూటల లెక్క

నాలుగు రోజులంటే పన్నెండు పూటలు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. మొదటి రోజు రెండు పూటలు, చివరి రోజు రెండు పూటలు ప్రయాణానికి తీసేస్తే మిగిలేవి ఎనిమిది. వాటిని ఇలా పంచాం. తలకొక సొంత పూట, అవి నాలుగు. అందరూ తప్పకుండా కలిసి ఉండాల్సినవి రెండు. పూర్తిగా ఖాళీవి రెండు.

సొంత పూటకి ఒకటే రూలు. ఎవరి పూట అయితే వాళ్ళు చెప్పిందే జరగాలి, వ్యాఖ్యానాలు వద్దు. “ఇదేం చూస్తాం, ఇంతదూరం వచ్చి” అన్న మాట ఆ పూట రాకూడదు. పిల్లల పూటకే కాదు, పెద్దల పూటకీ ఇదే రూలు.

తండ్రి మొదటి రోజు సాయంత్రం తీసుకున్నాడు, కుర్సురా జలాంతర్గామి కోసం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైన రష్యన్ తయారీ సబ్‌మెరైన్ అది. 2002 నుంచి ఆర్కే బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉంది. రోడ్డుకి అవతల నౌకాదళం వాడిన టీయూ-142 విమానం మ్యూజియం. స్పేర్ పార్టుల మనిషికి ఇంతకంటే మంచి సాయంత్రం దొరకదు. వారంలో ఒకరోజు సెలవుంటుంది కాబట్టి వెళ్ళే రోజు తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోవాలి. అబ్బాయి రెండోరోజు పొద్దున రుషికొండలో స్కూబా డైవింగ్ అడిగాడు. అమ్మాయి రెండోరోజు సాయంత్రం అడిగింది. బీచ్ రోడ్డులో అయిదు నుంచి ఎనిమిది దాకా, తనూ తమ్ముడూ మాత్రమే. తల్లి నాలుగోరోజు పొద్దున అరకులో పద్మాపురం గార్డెన్స్‌లో నెమ్మదిగా తిరిగి, తిరుగుదారిలో అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఆగుదామంది.

కలిసి ఉండాల్సిన రెండూ మూడోరోజువి. పొద్దున అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు, మధ్యాహ్నం బొర్రా గుహలు. ఖాళీ పూటలు రెండోరోజు మధ్యాహ్నం, మూడోరోజు సాయంత్రం. ఖాళీ అంటే ఖాళీయే. నిద్రపోయినా సరే, ఫోను చూసుకున్నా సరే.

ఖాళీ పూటల మీద పెద్దవాళ్ళతో చాలాసేపు వాదించాల్సి వచ్చింది. “అంత డబ్బు పోసి గదిలో పడుకోడానికా?” అన్నాడు తండ్రి. టీనేజర్ల నిద్ర రాత్రి ఆలస్యంగా మొదలై పొద్దున ఆలస్యంగా ముగుస్తుంది. వయసు వల్ల శరీరంలో వచ్చే మార్పు అది, బద్ధకం కింద లెక్కేయకూడదు. హాస్టల్లో తెల్లవారకముందే లేచే పిల్లకి సెలవుల్లో కూడా వరుసగా నాలుగు రోజులు అయిదింటికి అలారం పెడితే మూడోరోజుకి ఏడుస్తుంది. అందుకే నాలుగు రోజుల్లో ఒక్క రోజే, అరకు రైలు రోజే, పెందలాడే లేవాలని పెట్టాం. ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పాం. ముందే తెలిసిన కష్టానికి అంత గొణుగుడు ఉండదు.

టికెట్లు, తేదీలు

2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గింది. దసరా రద్దీకి ఆ అరవయ్యో రోజు పొద్దున ఎనిమిదింటికే కూర్చోవాలి. ఇక్కడో చిక్కు వచ్చింది. రెసిడెన్షియల్ కాలేజీలు సెలవుల తేదీలు రెండు నెలల ముందు చెప్పవు, పది రోజుల ముందు చెబితే గొప్ప. స్కూలు సెలవులు మాత్రం ముందే తెలుస్తాయి.

అందుకే రానుపోను టికెట్లు రెండు జతల తేదీలకి తీయించాం, పండగకి ముందు ఒక జత, వెనకాల ఒక జత. బయల్దేరే తేదీకి చాలా ముందే రద్దు చేస్తే తలకి కొద్ది మొత్తమే కోత పడుతుంది. ఆ నష్టం ముందే బడ్జెట్లో రాసుకున్నాం. ఇది మానేసి తత్కాల్ మీద ఆధారపడితే నలుగురికీ ఒకే బోగీ దొరకడం అదృష్టం మీద ఉంటుంది.

అరకు రైలుకి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ బోగీ 2017లో మొదలైంది. అందులో సీట్లు కొద్ది. రెండు తేదీలకి తీసే హడావిడిలో విస్టాడోమ్ ఒక జతకే దొరికింది. చివరికి కాలేజీ సెలవులిచ్చింది రెండో జత తేదీల్లో. ఇది మా లోపమే. అరవయ్యో రోజు పొద్దున ముందుగా విస్టాడోమ్ రెండు తేదీలకీ తీసి, ఆ తర్వాత విజయవాడ–వైజాగ్ టికెట్ల సంగతి చూడాల్సింది. విజయవాడ నుంచి వైజాగ్‌కి రైళ్ళు బోలెడు. అరకుకి పొద్దున రైలు వదిలితే ఆ రోజు పోయినట్టే.

మామూలు సెకండ్ సిటింగ్‌లోనే వెళ్ళారు. కొత్తవలస–కిరండూల్ లైనులో సొరంగాలు 58. కిటికీలు తెరిచి ఉంటాయి, సొరంగంలోకి వెళ్ళగానే చల్లటి గాలి కొడుతుంది, పిల్లలందరూ ఒకేసారి కేకలు వేస్తారు. విస్టాడోమ్ దొరకలేదని దిగులుపడ్డ అబ్బాయి రెండో సొరంగం దాటాక ఆ ఊసే ఎత్తలేదు. వాడికి ముందే చెప్పిన షరతు మాత్రం ఒకటుంది, తలుపు దగ్గర నిలబడకూడదు. సొరంగం గోడ చేతికి అందేంత దగ్గరగా వస్తుంది.

సామాను రైల్లో ఎక్కించలేదు. వైజాగ్‌లో మాట్లాడుకున్న కారు సామానుతో రోడ్డు మీద ముందే బయల్దేరి బొర్రా దగ్గర ఆగింది. కుటుంబం చేతి సంచీలతో బొర్రా గుహలు స్టేషన్లో దిగింది. అక్కడి నుంచి అరకు కారులోనే.

బడ్జెట్

మొత్తం 52,000 రూపాయలు. ఇవి ఈ కుటుంబం వేసుకున్న అంకెలు, రేట్ల పట్టిక అనుకోవద్దు. రైళ్ళకి, రద్దు కోతలకి కలిపి 6,000. రెండు గదులు, మూడు రాత్రులు 20,000. కారు 9,000. భోజనాలు 9,000. అబ్బాయి పూటకి 4,000. పిల్లల చేతికి తలా 1,000 చొప్పున 2,000. అత్యవసరానికి 2,000.

రెండు గదులూ ఒకే ఫ్లోరులో పక్కపక్కన ఉండాలని ఫోనులో అడిగి, తర్వాత మెసేజ్‌లో కూడా రాయించుకోవాలి. చెక్-ఇన్‌కి పిల్లల ఆధార్ కూడా తీసుకెళ్ళాలి. ఒక గదిలో తల్లీ కూతురూ, ఇంకో గదిలో తండ్రీ కొడుకూ. ఒకే ఫ్యామిలీ రూమ్ తీసుకుంటే అయిదారు వేలు మిగులుతాయని తండ్రి అన్నాడు. ఆ మిగిలింది బాత్రూమ్ దగ్గర పొద్దున్నే జరిగే గొడవకి సరిపోదు.

పిల్లల చేతికిచ్చే వెయ్యి రూపాయలు నగదుగానే ఇవ్వాలి. ఘాట్‌లో సిగ్నల్ దొరకని చోట్లు ఉంటాయి, అక్కడ యూపీఐ పనిచేయదు. ఆ డబ్బుకి లెక్క అడగకూడదు. లెక్క అడిగితే అది వాళ్ళ డబ్బు కాదు.

ఫోటోల ఒప్పందం

చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ ఈ కుటుంబంలో సగం చిరాకు ఇక్కడిదే. రోజుకి ఒక గ్రూప్ ఫోటో. ఎక్కడ, ఎన్ని గంటలకి అన్నది ముందు రాత్రే చెప్పాలి. దానికి అందరూ తల దువ్వుకుని, నవ్వుతూ నిలబడాలి, ఎగ్గొట్టకూడదు. మిగతా టైములో పిల్లల ఫోటో తీయాలంటే అడగాలి. స్టేటస్ పెట్టాలంటే ఇంకోసారి అడగాలి. తల్లి మొదట నొచ్చుకుంది. “నా పిల్లల ఫోటోకి నేను పర్మిషన్ అడగాలా?” అంది. ఇలాంటి చోట వాదించి గెలవనక్కర్లేదు. నాలుగు రోజులు చేసి చూడమన్నాం. నాలుగు మంచి గ్రూప్ ఫోటోలు వచ్చాయి. మూడోరోజు అమ్మాయి అడక్కుండానే వచ్చి తల్లి ఫోటో తీసింది, బొర్రా బయట బొంగులో చికెన్ తింటుండగా. వెదురు బొంగు చీల్చి, ఆవిర్లు కక్కే ముక్కలు విస్తరాకులో పోసి ఇస్తే, వేళ్ళు కాలుతున్నా ఊదుకుంటూ తింటున్న ఫోటో అది.

ఏం తప్పింది

స్కూబా జరగలేదు. అబ్బాయికి రైలు ఏసీకి జలుబు చేసింది. నీటి లోతుకి వెళ్ళేకొద్దీ చెవి మీద ఒత్తిడి పెరుగుతుంది, ముక్కు మూసి గాలి బిగించి దాన్ని సరిచేసుకోవాలి. ముక్కు దిబ్బడ వేస్తే అది కుదరదు, కర్ణభేరి దెబ్బతినొచ్చు. డైవింగ్‌కి ముందు నింపించే ఆరోగ్య పత్రంలో తండ్రి నిజమే రాశాడు, శిక్షకుడు వద్దన్నాడు. కొందరు తల్లిదండ్రులు పిల్లాడు ఏడుస్తాడని అక్కడ జలుబు లేదని రాసేస్తారు. ఆ పని ఎప్పుడూ చేయకండి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే “జలుబు చేస్తే డబ్బు వెనక్కిస్తారా, సముద్రం బాగోకపోతే?” అని విడివిడిగా అడిగి రాయించుకున్నాం కాబట్టి సగం వెనక్కి వచ్చింది.

డైవింగ్ పొద్దునే ఎందుకు పెట్టామో కూడా చెప్పాలి. మునిగి పైకి వచ్చాక శరీరంలో చేరిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి. అందాకా విమానం ఎక్కకూడదు, కొండ మీదికీ వెళ్ళకూడదు. 18 గంటలు ఆగడం మంచిది. బొర్రా దాదాపు 700 మీటర్ల ఎత్తు, అరకు 900 పైన. పదకొండింటికి డైవింగ్ ముగిస్తే మర్నాడు పొద్దున రైలుకి ఇరవై గంటలు దొరుకుతాయి. మధ్యాహ్నం డైవింగ్ పెట్టి ఉంటే అరకు వెళ్ళడం తప్పయ్యేది. వైజాగ్–అరకు ప్యాకేజీల్లో ఈ లెక్క చూసుకునేవాళ్ళు తక్కువ.

అబ్బాయికి రెండో ఆప్షన్ ముందే రాసి పెట్టుకున్నాం, వాడే ఎంచుకున్నాడు: కైలాసగిరి రోప్‌వే, ఆపైన బీచ్‌లో టిఫిన్. గంటసేపు మూతి ముడుచుకుని, తర్వాత వెళ్ళాడు. ఆ గంటలో “పోన్లే నాన్నా, వచ్చే సంవత్సరం చేద్దువుగాని” అని ఓదార్చవద్దని తల్లికి ముందే చెప్పాం. కోపం చల్లారడానికి టైమివ్వాలి. రెండో ఆప్షన్ కూడా వాడు ఎంచుకున్నదే కావడం వల్ల అది బుజ్జగింపులా అనిపించలేదు.

అమ్మాయి పూట దగ్గర పెద్ద తప్పే జరిగింది. ఒప్పందం ఏమిటంటే, లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉంటుంది, ఆరున్నరకి ఒక మెసేజ్ పెడుతుంది, ఫోన్లు చేయకూడదు. మొదటి అరగంటలోనే తండ్రి మూడుసార్లు చేశాడు. తర్వాత వాళ్ళకి కొంచెం దూరంలో గట్టు మీద కూర్చుని సముద్రం చూస్తున్నట్టు నటించాడు. అమ్మాయి చూసింది. గొడవ పెట్టుకోలేదు, తిన్నగా హోటల్‌కి వచ్చేసింది. “ఏవండీ, ఆ ఫోను ఇటివ్వండి” అని తల్లి తీసుకుని, పిల్లలిద్దరినీ ఏడింటికి మళ్ళీ పంపింది, తొమ్మిది దాకా. ఆ రెండు గంటలూ ఎవరూ ఫోను చేయలేదు. వాళ్ళు ముంతమసాలా తిని, అమ్మకి ముత్యాల దుద్దులు కొని, ఎనిమిదీ నలభైకే వచ్చేశారు.

ఇందులో మా లోపం ఉంది. పిల్లలకి వదిలిన పూట పెద్దవాళ్ళకి చేతిలో పని ఉండాలి. తండ్రిని ఖాళీగా గదిలో కూర్చోబెట్టి “ఫోను చేయొద్దు” అంటే ఆగడు. ఇప్పుడైతే ఆ పూట ఆ ఇద్దరికీ భోజనం టేబుల్ బుక్ చేసేవాళ్ళం, లేకపోతే సింహాచలం దర్శనం పెట్టేవాళ్ళం.

బొర్రాలో మెట్లు చాలా ఉన్నాయి, తడికి జారతాయి. తల్లి మొదటి పెద్ద గది దాకా దిగి ఆగిపోయే ఏర్పాటు, తోడుగా తండ్రి. పిల్లలు కిందిదాకా వెళ్ళొచ్చారు. అందరికీ అరిగిపోని అడుగున్న బూట్లు అని లిస్టులో రాశాం. తండ్రి చెప్పులతో వచ్చి రెండుసార్లు జారాడు, దెబ్బ తగల్లేదు.

నాలుగోరోజు అరకులో తెల్లవారుజాము నుంచి వాన. అక్టోబరు తూర్పు తీరానికి తుపాన్ల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వైజాగ్ దగ్గరే తీరం దాటింది. దసరా ట్రిప్పుకి వారం ముందు నుంచీ వాతావరణ శాఖ బులెటిన్ చూడాలి, రద్దుకి సిద్ధంగా ఉండాలి. ఈసారి వచ్చింది మామూలు వానే, కానీ మంచు కూడా కమ్మింది. ఘాట్ దిగడం ఒంటిగంటకి అనుకున్నది పదకొండుకే మార్చాం. తల్లి పూటలో తోట అరగంట దక్కింది, కాఫీ ఒక కప్పు దక్కింది, అంతే. డ్రైవరు “వెళ్ళిపోదాం సార్” అన్నాక ఇంకో గంట అని బతిమాలకూడదు. పూట పోయినవాళ్ళకి వచ్చే ట్రిప్పులో మొదటి ఎంపిక అని ముందే రాసుకున్న రూలు ఉంది, అది ఇప్పుడు తల్లిది.

పది రోజుల తర్వాత

ఇంటికి వెళ్ళిన రోజే అడిగితే అందరూ “బాగుంది” అంటారు. పది రోజులాగి, మళ్ళీ విడివిడిగా, ఒకటే ప్రశ్న అడిగాం: ఒక పూట తీసేయాలంటే ఏది తీసేస్తారు? తల్లి ఏదీ తీసేయొద్దంది. తండ్రి రెండోరోజు మధ్యాహ్నం ఖాళీ పూట తీసేయమన్నాడు. పిల్లలిద్దరినీ అన్నిటికంటే బాగున్నది ఏదని అడిగితే ఆ పూటే చెప్పారు. ఇది తీరని తేడా, తీరాల్సిన అవసరం కూడా లేదు. వచ్చేసారి ఖాళీ పూటలో తండ్రి కోసం ఏదైనా విడిగా పెడితే సరిపోతుంది. అబ్బాయి కారు ప్రయాణం తగ్గించమన్నాడు. అమ్మాయి బొర్రా దగ్గర జనం ఎక్కువన్నది, పండగ రోజుల్లో అది తప్పదు.

ఫిల్మ్ సిటీ ట్రిప్పు డిసెంబరు మొదటి వారంలో, పండగ సీజన్ రద్దీ మొదలుకాకముందు, మంగళవారం, బుధవారం వేశాం. అబ్బాయి తెనాలిలో అమ్మమ్మ దగ్గర ఉంటాడు, అమ్మాయి హాస్టల్లో. విజయవాడ నుంచి సుమారు 240 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరితే మధ్యలో టిఫిన్‌కి ఆగినా గేటు తెరిచే టైముకి చేరతారు. లోపలి హోటల్లో ఒక రాత్రి. తల్లి మోకాళ్ళ కోసం మొదటిరోజు మధ్యాహ్నం రెండు గంటలు గదిలో విశ్రాంతి, సెట్లు సగం ఆ రోజు, సగం మర్నాడు. పిల్లలు వెంట ఉన్నప్పుడు ఒక్క రోజులో అన్నీ చూపించాలని పరుగెత్తేవారు, ఇప్పుడు ఆ పరుగు అక్కర్లేదు.

వచ్చే ఏడాది సమస్య వేరు. అమ్మాయి ఇంజినీరింగ్‌కి వెళ్ళిపోతుంది, సెలవులు కలవవు. అబ్బాయి ఒక్కడే మిగులుతాడు. తోడు లేని పదిహేనేళ్ళవాడికి సొంత పూట ఇచ్చినా ఏం చేసుకోవాలో తోచదు. వాడి బాబాయి కొడుకుని కూడా తీసుకెళ్ళమని సూచించాం. ఆ అబ్బాయి తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక అనుమతి, ఆధార్, వాడే మందుల వివరాలు, ఖర్చు ఎవరిదన్న మాట ఇవన్నీ అరవయ్యో రోజుకి ముందే తేలాలి, ఎందుకంటే ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి టికెట్లు తీసేది ముగ్గురికా, నలుగురికా అన్నది తెలిసి ఉండాలి.